ఇరవై రెండు గుంజల పందిరి

చిక్కుడాకును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే ఒక పచ్చి వాసన వస్తుంది. కొంచెం వగరుగా, కొంచెం ఘాటుగా ఉండే ఆ వాసన సబ్బు పెట్టి కడిగినా పూట దాకా వేళ్లను వదలదు. మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంటు బాల్కనీలో, ప్లాస్టిక్ సంచిలో పోసిన మన్నులో నాటుదామని తెచ్చిన చిక్కుడు మొక్క ఆకొకటి చూసుకోక నా వేళ్ల మధ్య నలిగింది. అంతే, చేతిలో ఉన్నది అక్కడే పడేసి, బాల్కనీలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, మళ్లీ బాల్కనీలోకి పదిసార్లు తిరిగాను. మా ఆయన పేపరు దించి చూసి, ఇది రోజూ ఉన్న సంబరమే కదా అన్నట్టు మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

నిజమే, నేను ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. సినిమాకు పోతే సగంలో లేచి బయటికి పోయి వస్తాను, పెళ్లికి పోతే అక్షింతలు పడకముందే చెప్పులు వెతుక్కుంటాను, ఫోను మాట్లాడుతున్నంతసేపూ ఇల్లంతా కొలుస్తాను. ఈమధ్య నిద్ర కూడా కరువై డాక్టరు దగ్గరికి పోతే, ఆయన బీపీ మాత్రల కిందనే 'తోటపని, రోజూ అరగంట' అని రాసిచ్చాడు. మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ మాట చెప్పానో లేదో, మొక్కలతో మాట్లాడితే మనసు హాయిగా ఉంటుందనీ, మన్ను ముట్టుకుంటే దిగులంతా దిగిపోతుందనీ పూల బొమ్మలు పెట్టి పొద్దున్నా సాయంత్రం పంపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. మన్ను ముట్టుకుని దిగులు దింపుకోవడం అంత తేలిక కాదని నాకు తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు ఆ పని మీద ఒక మనిషి ఎంత పెనుగులాడాడో నేను కళ్లారా చూశాను. ఆ మనిషి మా బాపు.

గోదావరి ఒడ్డు బొగ్గు ఊళ్లలో ఒకదానిలో, కంపెనీ క్వార్టర్లలో నేను పెరిగాను. ఒకే తీరు రేకుల ఇళ్లు వరుసలు వరుసలుగా ఉండేవి, ఒక్కో వరుసను లైను అనేవాళ్లం. పక్క ఇంట్లో తమిళం, ఎదురింట్లో హిందీ, ఆదిలాబాద్ పై ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల ఇంట్లో సగం మరాఠీ కలిసిన తెలుగు, అన్ని ఇళ్ల ముందూ ఒకే తీరు బొగ్గుల పొయ్యిలు, సాయంత్రమయ్యేసరికి ఆ పొయ్యిల పొగంతా కలిసి లైన్ల మధ్య మోకాళ్ల ఎత్తున నిలబడితే అందులోనే మేము కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. వానలు మొదలై తొలి ఏకాదశి వస్తే పేలపిండి, శ్రావణంలో పొయ్యి మీద కాల్చిన మక్కకంకులు, సద్దుల బతుకమ్మనాడు ఆకులో చుట్టి చేతిలో పెట్టిన మలీద ముద్దలు, చలికాలం రాగానే నువ్వుల వాసన వేసే సకినాలు, ఏది తిన్నా చివర్లో కాస్త బొగ్గు రుచి తగిలేది, మాకదే ఉప్పంత అలవాటు. రోజుకు మూడుసార్లు సైరను కూసేది. ఆ కూతకే వంటలు, ఆ కూతకే స్నానాలు, ఆ కూతకే అమ్మలు వాకిళ్లలోకి వచ్చి రోడ్డు వంక చూడడం.

బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. మా బాపు మల్లేశం బాయిలో గుంజలు నిలబెట్టేవాడు, అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు ఊతగా పెట్టి, పైన చెక్కలు దిగ్గొట్టి బిగించడం ఆయన పని. గుంజ పెట్టే ముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి చెవి పెట్టి వినాలి. గట్టిగా ఉన్న కప్పు ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయినదైతే డొల్లగా పలుకుతుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కుమ్మరి దగ్గర కుండ, అంగట్లో గుమ్మడికాయ, కొత్త తలుపు, అన్నింటినీ తట్టి చూసేవాడు, స్నానం చేసి కళ్ల చుట్టూ కాటుకలాంటి నలుపు మిగిలిన ముఖంతో గడపలో కూర్చుని నన్ను దగ్గరికి లాక్కుని వీపు మీద వేళ్లతో రెండు దెబ్బలు తట్టి, "గట్టిగనే ఉన్నవ్ బిడ్డా" అని నవ్వేవాడు.

బాపుకు చిక్కుడుకాయ కూరంటే ప్రాణం. ఇంట్లో ఉంటే గిన్నె ఖాళీ చేసేవాడు, కానీ బాయికి మాత్రం ఆ కూర ఎన్నడూ తీసుకుపోలేదు. అవ్వ, అంటే మా అమ్మ, టిఫిన్ డబ్బాలో పెడితే తీసి పక్కన పెట్టి, ఊరగాయ వేసుకుని పోయేవాడు. "ఇంట్ల పనికొచ్చిన కూర బాయిల పనికిరాదా?" అని అవ్వ అలిగేది. బాపు డబ్బా మూత బిగించి బయలుదేరేవాడు. బాయిలో ఆయనకు జోడీ రాజం కాక, మాకు నాలుగు లైన్ల అవతల ఉండేవాడు, రక్తసంబంధం లేకపోయినా బాపును అన్నా అనేవాడు, పండుగ ఏదైనా ముందు మా ఇంట్లో తిని తర్వాత వాళ్లింటికి పోయేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండలు ఇంకా దిగని రోజుల్లో, సైరను కూయాల్సిన వేళ కాకుండా వేరే వేళలో కూసింది. అవ్వ పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తింది, నేను ఆమె కొంగు పట్టుకుని పరుగెత్తాను, గేటు దగ్గర మాలాంటి వాళ్లు వందమంది. బాపు తన కాళ్ల మీద నడిచి బయటికి వచ్చాడు, ఒంటి మీద గీత కూడా లేదు. రాజం కాకను మోసుకొచ్చారు. పెద్దవాళ్లు గుసగుసగా చెప్పుకున్న మాటల్లోంచి నేను ఏరుకున్నది ఇది: బాపు కప్పును తట్టి చూసి "బాగుంది" అన్నాడు, ఆ మాట మీద రాజం కాక ముందడుగు వేశాడు, మంచమంత పెళ్ల ఒకటి ఊడిపడింది. కాక కుడికాలు మోకాలి కింది దాకా తీసేశారు.

ఆ రోజు నుంచి బాపు దేన్నీ తట్టలేదు. ఏ కప్పు కిందికీ రాలేదు. అన్నం వాకిట్లో, పడక వాకిట్లో, వాన పడితే గోనెసంచి తల మీద వేసుకుని చూరు నీళ్లు పడే అంచున నిలబడేవాడు తప్ప గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. రాజం కాకను చూడడానికి ఆసుపత్రికి పోలేదు, ఇంటికి వచ్చాక ఇంటికీ పోలేదు, ఆ నాలుగు లైన్లు తప్పించుకోవడానికి అంగడికి ఊరంతా చుట్టి పోయేవాడు. మిగిలిన వేళంతా పెరట్లో నడక. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూనే ఉండేవాడు. నేను బడికి పోయేటప్పుడు ఎక్కడ ఉన్నాడో వచ్చేటప్పుడూ అక్కడే తిరుగుతూ ఉండేవాడు. ఆయన వెనక నేనూ తిరిగేదాన్ని, ఆగితే ఆయనకు ఏమన్నా అవుతుందేమోనని భయం. ఈ కాళ్ల జబ్బు నాకు అప్పుడే అంటిందని నా నమ్మకం, డాక్టరు ఏమన్నా సరే.

బాపు నడిచీ నడిచీ పెరట్లో గడ్డి చచ్చి తెల్లటి బాట పడింది. ఒకనాడు అవ్వకు ఓపిక చచ్చింది. ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో పార తెచ్చి ఆయన కాళ్ల ముందు పడేసింది.

"కాలుగాలిన పిల్లి లెక్క ఎన్నొద్దులు తిరుగుతవ్? గా తిరుగుడేదో గీ మన్ను మీద చూపియ్యి జర."

బాపు పార వంక చాలాసేపు చూసి తీసుకున్నాడు. అది మన్నంటే మన్ను కాదు, ఏళ్ల తరబడి పొయ్యిల బూడిద, బొగ్గు నుసి, ఇటుక ముక్కలు పడి గట్టిపడ్డ నేల, పార వేస్తే నిప్పులు రాలేవి. మొదటి వారం ఆయన తవ్వడం చూస్తే భయం వేసేది, ఎవరో కింద ఉన్నట్టు, వాళ్లను బయటికి తీయాలన్నట్టు తవ్వేవాడు. రెండు చేతులూ బొబ్బలెక్కాయి, అవ్వ పసుపు పెట్టి గుడ్డ కట్టింది, గుడ్డతోనే తవ్వాడు. తర్వాత పాల ఇళ్ల నుంచి పేడ మోసుకొచ్చి కలిపాడు, మేము స్నానం చేసిన నీళ్లు పోవడానికి కాలువ తీశాడు. చెన్నూరు నుంచి మేనత్త పంపిన చిక్కుడు గింజలు అవ్వ కొంగు ముడిలో ఉండేవి, మృగశిర వాన పడ్డ మర్నాడు ఆమె ముడి విప్పి ఇస్తే మడికి నాలుగు చొప్పున నాటాడు. వారం తిరగకుండా మెడలు వంచుకుని మొలకలు పైకొచ్చాయి. ఆ రోజు బాపు రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు, అవ్వ వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

తీగ సాగిందంటే పందిరి కావాలి. అందరి పెరళ్లలో నాలుగు మూలలా నాలుగు గుంజలు, పైన వెదురు బద్దలు, అదే పందిరి. బాపు కట్టెల అడితి నుంచి ముందు ఆరు గుంజలు తెచ్చాడు. నిలబెట్టి, వెనక్కి జరిగి చూసి, ఇంకో నాలుగు తెచ్చాడు. తర్వాత ఇంకో అయిదు, ఆపైన ఇంకో ఏడు. ఒక్కో గుంజ పైన చెక్కముక్క పెట్టి సుత్తితో దిగ్గొట్టి, అచ్చం బాయిలో బిగించినట్టు బిగించాడు. తీగ ఇంకా మోకాలెత్తు రాకముందే అడుగున్నరకు ఒకటి చొప్పున ఇరవై రెండు గుంజలు నిలబడ్డాయి. లైనులో పనిలేని మగవాళ్లు గోడ మీద మోచేతులు ఆనించి నవ్వారు.

"మల్లేశన్నా, గిది ఎన్నో నెంబరు బాయే?"

బాపు తల ఎత్తలేదు, ఇంకో చెక్క దిగ్గొట్టాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, వాళ్ల మీద మన్నుపెళ్ల విసిరాను, అవ్వ చేత దెబ్బలు తిన్నాను.

బతుకమ్మలకు మేము తంగేడు, గునుగు తెచ్చి వాకిట్లో పోసేనాటికి పందిరి మీద ఊదాపూలు విచ్చాయి, దీపావళి పోయాక గుత్తులు గుత్తులుగా కాయలు దిగాయి. ఇంతా చేసి బాపు ఆ పందిరి కిందికి రాడు. బయట నుంచి చుట్టూ తిరుగుతూ చెయ్యి అందినంత మేర కోసేవాడు, ఇంకాస్త లోపలివి దోటితో లాగేవాడు, నడిమధ్య కాసినవి అక్కడే ముదిరి ఎండిపోయేవి. సన్నగా ఉండేదాన్ని కనుక గుంజల మధ్య నుంచి నేను దూరితే ఆయన ముఖం పాలిపోయేది, "సాలు బిడ్డా, బయటికి రా, రమ్మంటున్న గదా" అని పందిరి చుట్టూ పరుగెత్తేవాడు. తిండి కుదిరింది, చేతులు కుదిరాయి, కాళ్లు మాత్రం అవే కాళ్లు. ఇరవై రెండు గుంజలు నిలబెట్టిన మనిషికి తన పందిరి మీదే నమ్మకం లేదు. ఎట్లాగైనా ఆయన దాని కిందికి రావాలి, దాని కింద నుంచి ఇంట్లోకి రావాలి. నాకు ఆ ఏడు వేరే కోరిక లేదు.

ఒక శనివారం బడి నుంచి వచ్చి, బాపు నీళ్లకోసం నల్లా దగ్గరికి పోయిన వేళ చూసి, పందిరి కింద దూరి లంగా నిండా కాయలు కోసుకుని, ఆ నాలుగు లైన్లు దాటి రాజం కాక ఇంటికి పోయాను. ఎందుకు పోయానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాక వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, చంకకర్రలు పక్కన ఆనించి ఉన్నాయి, ఖాళీ లుంగీ అంచు నాకు కనబడకుండా సర్దుకున్నాడు. నేను కాయలు మంచం మీద గుమ్మరించాను.

"బాపు పంపిండు కాకా."

కాక కాయల వంక చూశాడు, నా వంక చూశాడు. "మీ బాపా? చిక్కుడుకాయలా?"

"ఆ."

"ఇంకేమన్నడు?"

ఇంకేమంటాడో నేను ఆలోచించుకుని రాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "పందిరి కిందికి రమ్మన్నడు."

కాక ఒక కాయ తీసి వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. నేను అబద్ధం దొరికిపోతుందని వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

మర్నాడు ఆదివారం పొద్దున, ఎండ ఇంకా వేడెక్కకముందే, లైను మొత్తం ఒక్కసారిగా చప్పుడాపినట్టయింది. చంకకర్రల చప్పుడు మా గేటు దాకా వచ్చి, లోపలికి వచ్చి, పెరట్లోకి వచ్చింది. పాదుల్లో నీళ్లు పోస్తున్న బాపు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు, పారిపోవడానికి ఆ వైపు గోడ తప్ప ఏమీ లేదు. కాక ఆయనను పలకరించలేదు. నేరుగా పందిరి దగ్గరికి పోయి, వంగి, గుంజల మధ్య నుంచి కర్రలు పట్టక అటూ ఇటూ తంటాలు పడ్డాడు.

"గింత దగ్గర దగ్గర పాతినవేందే అన్నా, కర్రలున్నోడు ఎట్ల దూరాలె?"

ఎట్లాగో నడిమధ్య దాకా పోయి, నేల మీద చతికిలబడి, ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు చంకకర్ర ఒకటి తిప్పి పట్టుకుని, దాని కొసతో తల మీది వెదురును తట్టాడు. ఒకసారి తట్టి చెవి పెట్టి విన్నాడు. జరిగి ఇంకోచోట తట్టాడు. నాలుగు దిక్కులా తట్టి, నాలుగుసార్లూ విన్నాడు. పండిన ఆకులు రెండు ఆయన భుజం మీద రాలాయి.

"బాగుంది," అన్నాడు. "రా అన్నా."

బాపు చేతిలో చెంబు జారింది. ఒక అడుగు వేశాడు, ఆగాడు, వెనక్కి తిరిగి అవ్వను చూశాడు. అవ్వ గడపలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. బాపు మోకాళ్ల మీద వంగాడు, చిన్నపిల్లవాడిలా చేతుల మీద పాకుతూ తాను నిలబెట్టిన గుంజల మధ్య నుంచి లోపలికి పోయి, కాక పక్కన కూర్చుని, కాక భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను చూడడం అదే మొదలు. కాక ఆయన వీపు నిమురుతూ ఉన్నాడు. అవ్వ రెండు గ్లాసుల చాయ నాకిచ్చి పందిరి లోపలికి పంపింది.

ఆ రోజు వాళ్లిద్దరూ పొద్దెక్కేదాకా పందిరి కిందే కూర్చున్నారు. సాయంత్రం బాపు గడపలో కూర్చుని నన్ను పిలిచి వీపు మీద వేళ్లతో రెండు దెబ్బలు తట్టాడు. అన్నం లోపల తిన్నాడు. బాయిలోకి మాత్రం మళ్లీ దిగలేదు, పైన దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు, రిటైరయ్యేదాకా దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకుని లెక్క సరిచూసుకునేవాడు. పందిరి ప్రతి ఏడూ వేసేవాడు, ప్రతి ఏడూ ఇరవై రెండు గుంజలు. కాక ప్రతి ఆదివారం వచ్చేవాడు, తట్టి చూసి గాని కూర్చునేవాడు కాదు. ఆ చిక్కుడుకాయలు పంపినదెవరో బాపు నన్నెప్పుడూ అడగలేదు, అసలు ఆయనకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన పోయి ఏళ్లయింది.

పోయిన ఏడు చెన్నూరులో ఒక పెళ్లికి పోతూ మా పాత ఊరి దగ్గర కారు ఆపించి దిగాను. మా కాలనీ లేదు. కింద బొగ్గు కోసం ఇళ్లన్నీ తీసేసి పై నుంచే తవ్వుకుంటూ పోయారు, మా లైన్లున్న చోట కంచె అవతల పెద్ద లోయ, దాని అడుగున అగ్గిపెట్టెలంత లారీలు. మా పెరడు ఇప్పుడు గాలిలో ఎక్కడో ఉంది. బాపు బొబ్బలెక్కిన చేతులతో మెత్తపరిచిన ఆ మన్ను దూరంగా గుట్టలా పోసిన మట్టిలో ఎక్కడుందో ఎవరు చెప్పగలరు? సైరను లేదు, పొయ్యిల పొగ లేదు, గోడ మీద మోచేతులు ఆనించి నవ్వడానికి గోడ లేదు. పెళ్లిలో నేను ఎప్పటిలాగే అక్షింతలకు ముందే లేచి వచ్చేశాను.

అందుకే మొన్న వేళ్ల మీద ఆ వాసనతో ఇల్లంతా తిరిగీ తిరిగీ, ఆగలేక, సుల్తానాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్న రాజం కాకకు ఫోను చేశాను. ఎనభై దాటినా గొంతు అదే గొంతు. బాగోగులయ్యాక, బాల్కనీలో చిక్కుడు పెడుతున్నాను కాకా, గుంజలు ఎన్ని కావాలి అని అడిగాను.

"నాలుగు సాలు," అన్నాడు. "మీ బాపు లెక్క చెయ్యకు."

నేను అప్పటికే తొమ్మిది నిలబెట్టానని చెప్పలేదు. ఫోను చెవిన పెట్టుకుని బాల్కనీలోకి, హాల్లోకి తిరుగుతూనే ఉన్నాను, నలభై ఏళ్లుగా గొంతులో ఉన్న మాట నడుస్తూనే చెప్పేశాను.

"కాకా, ఆనాడు చిక్కుడుకాయలు బాపు పంపలే. రమ్మని గూడ అనలే. నేనే అబద్ధమాడిన."

అవతల కాక నవ్వాడు, నవ్వు దగ్గులోకి మారి, దగ్గు తగ్గేదాకా నన్ను ఆగమన్నాడు.

"గది నాకు గప్పుడే ఎర్క బిడ్డా. చిక్కుడు తింటే నా ఒళ్లంత దద్దులొస్తయి. పదకొండేండ్లు బాయిల ఒక్క డబ్బల తిన్నం, నా కోసమని మీ బాపు ఒక్కనాడు గా కూర తేలే. గసొంటోడు నాకు చిక్కుడుకాయలు పంపుతడా?"

నేను ఎప్పుడు ఆగానో, బాల్కనీలో చిక్కుడు సంచి పక్కన నేల మీద ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు. మరి ఎందుకు వచ్చినవ్ కాకా అని అడిగాను.

"ఆర్నెల్లు చూసిన, వస్తడని. ఆయనకు కాళ్లు రాకపాయె. ఇగ ఎవలన్న పిలిస్తే సాలనుకున్న. నువ్వు పిలిచినవ్, వచ్చిన."

ఇక ఫోను పెట్టేస్తాడేమో అనుకున్నాను. అప్పుడు అన్నాడు:

"కాసినంక నాలుగు కాయలు పంపు బిడ్డా. తిననైతే తిన, గని పంపు."